మందుతో సగమే తగ్గే కుంగుబాటు: సైకోథెరపీ తోడైతే ఏం మారుతుంది, విశాఖలో ఎందుకు తోడవడం లేదు

సంక్షిప్తంగా: ఏళ్ల తరబడి వదలని డిప్రెషన్‌కు మందులూ, సైకోథెరపీ అనే మాటల చికిత్సా కలిపి ఇస్తే, ఏదో ఒక్కటే ఇచ్చినప్పటి కంటే సగటున మెరుగైన ఫలితం వస్తోందని ఇప్పటివరకు జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ ప్రయోజనం అన్ని అధ్యయనాల్లోనూ ఒకేలా కనిపించలేదు. కొన్నింటిలో అసలే కనిపించలేదు. మందు ఏ పని చేస్తుందో, మాటల చికిత్స ఏ పని చేస్తుందో విడివిడిగా చూస్తే ఈ తేడాలకు కారణం కొంత అర్థమవుతుంది. విశాఖపట్నంలో మందు దొరకడం కష్టమేమీ కాదు. దానితో పాటు నడవాల్సిన రెండో చికిత్స దొరకడం, దొరికినా మొదటిదానితో కలిసి నడవడం కష్టంగా ఉంది.

మందు మొదలుపెట్టి మూడు నెలలు దాటాక ఒక మనిషి నిద్రపోతున్నాడు, వేళకు తింటున్నాడు, డ్యూటీకి వెళ్తున్నాడు. ఇంట్లోవాళ్ల దృష్టిలో అతనికి తగ్గిపోయింది. అతని లెక్కలో మాత్రం తగ్గలేదు: దేని మీదా ఆసక్తి లేదు, ఎవరైనా పలకరిస్తే విసుగు, పొద్దున్న లేవగానే ఈ రోజు ఎలా గడుస్తుందా అన్న బరువు. ఇలాంటివారు అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండు. మందు పనిచేస్తుంటే కౌన్సెలింగ్ దేనికి? మందు పనిచేయకపోతే ఇంకా మింగడం దేనికి? రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది గానీ, అక్కడికి చేరాలంటే ముందు జబ్బు పేరుతో ఉన్న గందరగోళం తీరాలి.

మొండి డిప్రెషన్ అంటే ఏది?

‘మందులకు లొంగని డిప్రెషన్’ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు స్థితులు కలిసిపోతుంటాయి. మొదటిది కాలాన్ని బట్టి చెప్పేది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన ఐదో వర్గీకరణ ప్రకారం, పెద్దవాళ్లలో రెండేళ్లు, పిల్లల్లో ఏడాది పాటు, మధ్యలో రెండు నెలలకు మించిన తెరిపి లేకుండా, ఎక్కువ రోజులు దిగులుగానే గడిస్తే దాన్ని పెర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్ అంటారు. అంతకుముందు డిస్థీమియా అని విడిగా పిలిచిన తేలికపాటి దీర్ఘకాలపు దిగులునూ, ఏళ్లు గడిచినా వదలని తీవ్రమైన డిప్రెషన్‌నూ ఈ ఒక్క పేరు కిందకే తెచ్చారు. రెండోది చికిత్సను బట్టి చెప్పేది: రెండు వేర్వేరు మందులను సరైన మోతాదులో, తగినంత కాలం వాడినా గుణం కనిపించకపోతే చికిత్సకు లొంగనిదిగా లెక్కిస్తారు. మూడోది బహుశా అన్నిటికంటే ఎక్కువమందిలో ఉండేది, అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది. మందు పనిచేసింది, కానీ నిస్సత్తువో, నిద్ర చెడడమో, ఏకాగ్రత కుదరకపోవడమో మిగిలిపోయింది. ఇలా లక్షణాలు మిగిలినవారిలో జబ్బు తిరగబెట్టే అవకాశం పూర్తిగా కోలుకున్నవారి కంటే ఎక్కువ.

జబ్బు మొండిదని తేల్చే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. థైరాయిడ్ మందగించడం, రక్తహీనత, బీ12 లోపం, రోజూ తాగే అలవాటు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడటం వంటివి డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి, లేదా ఉన్న డిప్రెషన్‌ను తగ్గనివ్వవు. గతంలో ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర అక్కర్లేనంత హుషారు, మితిమీరిన ఖర్చు, ఆగని మాటలు ఉన్నాయా అన్నది అడగకపోతే బైపోలార్ జబ్బు డిప్రెషన్‌గా పొరపడే ప్రమాదముంది. దాని చికిత్స వేరు. అన్నిటికంటే మామూలు కారణం, మందు వేసుకోవాల్సినట్టు వేసుకోకపోవడం. కాస్త తేలికపడగానే మానేసి, బాగోలేనప్పుడు మళ్లీ మొదలుపెట్టే పద్ధతిలో యాంటీడిప్రెసెంట్ పనిచేయదు. అది తలనొప్పి బిళ్ల తరహా మందు కాదు.

మందు ఎంతవరకు తీసుకెళ్తుంది

2006లో ఫలితాలు వెలువడిన అమెరికా అధ్యయనం ‘స్టార్-డి’లో నాలుగు వేల మందికి పైగా రోగులు చేరారు. అందరికీ మొదట సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు ఇచ్చి, తగ్గనివారికి మెట్టు మెట్టుగా మందు మార్చడమో, మరొకటి చేర్చడమో చేశారు. మొదటి మందుతోనే పూర్తిగా తగ్గినవారు సుమారు మూడింట ఒక వంతు. నాలుగు మెట్లూ కలిపితే 67 శాతం మందికి తగ్గినట్టని అప్పట్లో ప్రకటించారు. అదే సమాచారాన్ని అధ్యయనపు మూల ప్రణాళిక ప్రకారం మళ్లీ లెక్కగట్టిన మరో పరిశోధక బృందం 2023లో ఆ అంకెను 35 శాతానికి దించింది. ఆ వివాదం ఇంకా నడుస్తోంది. ఎవరి లెక్క తీసుకున్నా మారనిది ఒకటుంది: మొదటి మందుతో పూర్తిగా కోలుకునేవారు తక్కువమందే, ఆ తర్వాతి ఒక్కో మెట్టుకూ అవకాశం తగ్గుతూ పోయింది.

ఎందుకిలా? ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు నాడీకణాల మధ్య సెరొటోనిన్ అనే రసాయనాన్ని గంటల్లోనే పెంచుతాయి. మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. సెరొటోనిన్ తక్కువ కావడమే జబ్బు, దాన్ని నింపడమే చికిత్స అన్న పాత వివరణకు ఈ ఆలస్యం ఎప్పుడూ అడ్డుపడుతూనే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్యాథరిన్ హార్మర్, ఆమె సహచరులు మరో వివరణ ఇచ్చారు. మందు మొదటి మోతాదుల నుంచే మనిషి ఎదుటివారి ముఖాలను, మాటలను అర్థం చేసుకునే తీరు కొద్దికొద్దిగా మారుతుంది. చెడ్డదాన్నే ముందు పట్టుకునే మొగ్గు తగ్గుతుంది. ఆ మార్పు మనసు దాకా చేరాలంటే, మారిన చూపుతో ఆ మనిషి నలుగురి మధ్యకు వెళ్లి కొత్త అనుభవాలు పోగుచేసుకోవాలి. తలుపు వేసుకుని గదిలో కూర్చున్నవాడికి చూపు మారినా చూడటానికి ఏమీ ఉండదు.

ఇదే దిశగా హెల్సింకీ శాస్త్రవేత్తలు 2011లో ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటి తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఒక శబ్దానికి భయపడటం నేర్పిన ఎలుకల్లో కొన్నింటికి ఫ్లూఆక్సెటిన్ మాత్రమే ఇచ్చారు. కొన్నింటికి ఆ శబ్దం వినిపించినా ఏమీ కాదని పదేపదే అనుభవం కల్పించారు. కొన్నింటికి రెండూ చేశారు. మందు ఒక్కటే భయాన్ని తుడవలేదు. అనుభవం ఒక్కటే తుడిచిన భయం కొన్నాళ్లకు తిరిగొచ్చింది. రెండూ కలిసిన ఎలుకల్లో భయం పోయింది, తిరిగి రాలేదు. ఎలుక భయం మనిషి కుంగుబాటు కాదు కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోలేము. కానీ మందు మెదడును కొత్తది నేర్చుకోవడానికి సిద్ధం చేస్తుంది, ఏం నేర్చుకోవాలన్నది మందులో ఉండదు అన్న ఊహకు ఇది గట్టి ఆధారం. రెండు చికిత్సలు కలపడంలోని తర్కమంతా ఇదే.

సలహాకూ థెరపీకీ తేడా

‘కౌన్సెలింగ్’ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ధైర్యం చెప్పడం. “అలా ఆలోచించకండి, పాజిటివ్‌గా ఉండండి” అన్న మాటలు ఇంట్లో ఉచితంగానే దొరుకుతాయి, వాటితో ఎవరికీ దీర్ఘకాలపు డిప్రెషన్ తగ్గిన దాఖలా లేదు. పరిశోధనల్లో ఫలితం చూపినవి ఒక పద్ధతి ప్రకారం, ముందే అనుకున్న సంఖ్యలో సెషన్లుగా, మధ్యలో చేయాల్సిన పనులతో సాగే చికిత్సలు. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ, మనుషుల మధ్య సంబంధాల మీద పనిచేసే ఇంటర్‌పర్సనల్ థెరపీ, రోజువారీ పనుల మీద దృష్టి పెట్టే బిహేవియరల్ యాక్టివేషన్ వీటిలో ముఖ్యమైనవి. దీర్ఘకాలపు డిప్రెషన్ కోసమే అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ మెకల్లా తయారుచేసినది ‘సీబాస్ప్’. చిన్న వయసు నుంచీ కుంగుబాటులో ఉన్న మనిషికి తాను చేసిన పనికీ దాని ఫలితానికీ ఉన్న సంబంధం కనిపించడం మానేస్తుందని, ఏం చేసినా ఒకటే అన్న భావన స్థిరపడుతుందని మెకల్లా వాదన.

ఆ పద్ధతి ఎలా నడుస్తుందో ఒక ఊహాజనిత ఉదాహరణలో చూడవచ్చు. పెందుర్తిలో ఉండే ఒక నడివయసు గృహిణి తోడికోడలి కూతురి సీమంతానికి వెళ్లి, ఎవరితోనూ మాట్లాడకుండా, భోజనం చేయకుండానే తిరిగొచ్చింది. “నేనంటే అక్కడ ఎవరికీ లెక్కలేదండి” అన్నది ఆమె మాట. థెరపిస్టు దాన్ని ఖండించడు, ఓదార్చడు. వరుసగా అడుగుతాడు: అక్కడ ఏం జరిగిందమ్మా, మొదట్నుంచీ చెప్పండి. మీరు దాన్ని ఏమని అర్థం చేసుకున్నారు? ఆ సమయంలో మీరేం చేశారు? చివరికి ఏమైంది? అసలు మీరు ఏం జరగాలనుకుని వెళ్లారు? ఆమె జవాబుల్లోంచి విషయం బయటికొస్తుంది. ఆలస్యంగా వెళ్లింది, వెనక కుర్చీలో కూర్చుంది, ఫోన్ చూస్తూ ఉండిపోయింది, తోడికోడలు దూరం నుంచి చెయ్యి ఊపితే తలవంచుకుంది. కోరుకున్నది మాత్రం ఆమెతో పది నిమిషాలు మాట్లాడాలని. ‘ఎవరికీ లెక్కలేదు’ అన్న అర్థం జరిగినదానికి సరిపోయిందా, కోరుకున్నది దక్కడానికి పనికొచ్చిందా అన్న రెండు ప్రశ్నలకూ ఆమే జవాబు వెతుక్కోవాలి. వచ్చే వారం మరో సంఘటన, మళ్లీ ఇవే ప్రశ్నలు. ఇరవై సెషన్లలో ఇలాంటివి ఎన్నో తిరగేశాక ఆ వరుస ఆమెకు అలవాటవుతుంది, థెరపిస్టు లేకుండానే వేసుకోగలుగుతుంది.

ఇక్కడే మందు అవసరం కూడా తెలుస్తుంది. రాత్రంతా నిద్రలేక, రెండు వాక్యాలు కూడా గుర్తుండని స్థితిలో ఉన్నవారు ఈ ప్రశ్నల వరుసను పట్టుకోలేరు. మందు నిద్రనూ ఏకాగ్రతనూ కొంత నిలబెడితే సెషన్ సాగుతుంది. సెషన్‌కు వస్తున్నంతకాలం మందు మానకుండా వేసుకునే అవకాశమూ పెరుగుతుంది. కలిపి ఇచ్చినప్పుడు కనిపించే లాభంలో కొంత భాగం ఈ పరస్పర సాయానిదే.

అధ్యయనాలు చెప్పినవి, చెప్పనివి

రెండింటినీ కలపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1970లలోనే జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ బృందం అమిట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందునూ ఇంటర్‌పర్సనల్ థెరపీనీ పోల్చి చూసింది. మందు జబ్బు తిరగబెట్టకుండా కాపాడిందనీ, థెరపీ కుటుంబంలో, సమాజంలో మనిషి మెలిగే తీరును మెరుగుపరిచిందనీ వాళ్లు గమనించారు. రెండూ చేసే పనులు వేరన్న సూచన అప్పటికే ఉంది.

దీర్ఘకాలపు డిప్రెషన్ విషయంలో పెద్ద మలుపు 2000 మే నెలలో వచ్చింది. మార్టిన్ కెల్లర్ నాయకత్వంలో 681 మంది మీద జరిపిన అధ్యయనంలో కొందరికి నెఫాజొడోన్ అనే మందు, కొందరికి సీబాస్ప్, కొందరికి రెండూ 12 వారాల పాటు ఇచ్చారు. విడివిడిగా ఇచ్చిన రెండు వర్గాల్లోనూ 48 శాతం మందికి గుణం కనిపిస్తే, కలిపి ఇచ్చినవారిలో అది 73 శాతం. మానసిక వైద్యంలో ఇంత తేడా అరుదు. అదే కారణంగా ఈ అధ్యయనాన్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. ఎవరు ఏ చికిత్సలో ఉన్నారో రోగులకు తెలుసు. మందు లేని, ఉత్తుత్తి మాత్ర వర్గం లేదు. రచయితలకు మందుల కంపెనీలతో ఉన్న ఆర్థిక సంబంధాల జాబితా పత్రికలో అచ్చు వేయడానికి చోటు చాలనంత పొడవుగా ఉందని ఆ సంచికలోనే సంపాదకురాలు మార్షా ఏంజెల్ ఘాటుగా రాశారు. నెఫాజొడోన్‌ను కాలేయానికి హాని చేస్తుందన్న ఆందోళనల మధ్య 2004లో తయారీ సంస్థ అమెరికా మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది.

2009లో వచ్చిన ‘రివాంప్’ అధ్యయనం ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. ఇందులో ముందు అందరికీ మందు ఇచ్చి, పూర్తిగా తగ్గనివారిని మూడు వర్గాలు చేశారు: మందు మార్చడం లేదా పెంచడం మాత్రమే, దానికి తోడు సీబాస్ప్, దానికి తోడు ఊరటనిచ్చే మామూలు సంభాషణ చికిత్స. 12 వారాల తర్వాత మూడు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు అధ్యయనాలూ దీర్ఘకాలపు డిప్రెషన్ మీదివే, రెండింటిలోనూ సీబాస్ప్ ఉంది, మరి ఫలితాలు ఎందుకు ఇంత దూరంగా ఉన్నాయి? ఒక కారణం, రివాంప్‌లో ఎవరినీ పాత మందు మీదే వదిలేయలేదు. మూడు వర్గాలకూ మందుల చికిత్స మరో మెట్టు ముందుకు సాగింది. అంటే పోలిక గట్టి చికిత్సతో జరిగింది. రెండో కారణం, ఇందులో ఉన్నవారు అప్పటికే ఒక మందుతో పూర్తిగా కోలుకోనివారు. కెల్లర్ అధ్యయనంలో మొదటి రోజు నుంచే కలిపి ఇచ్చారు. మూడోది 12 వారాల గడువు. ఏళ్ల నాటి అలవాటును మార్చే చికిత్సను మూడు నెలల్లో తూచడం న్యాయమేనా అన్న ప్రశ్న ఉంది.

గడువు పొడిగిస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో జరిగిన ‘కోబాల్ట్’ అధ్యయనం కొంతవరకు చూపింది. మందు వాడుతున్నా తగ్గని 469 మందిలో సగం మందికి మామూలు వైద్యమే కొనసాగించి, సగం మందికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని, అంటే సీబీటీని, చేర్చారు. 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆరు నెలలకు లక్షణాలు సగానికి సగం తగ్గినవారు థెరపీ చేర్చిన వర్గంలో 46 శాతం, మామూలు వైద్యంలో 22 శాతం. మూడేళ్లకు పైగా గడిచాక మళ్లీ పరిశీలిస్తే కూడా తేడా నిలిచి ఉంది: 43 శాతం, 27 శాతం. నిత్య జీవితంలో ఎదురయ్యే రోగికి దగ్గరగా ఉన్న అధ్యయనం ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో అడిగిన ప్రశ్న ఆ రోగి అడిగేదే: మందు వాడుతున్నాను, తగ్గలేదు, ఇప్పుడేం చేయాలి?

దీనికి ఎదురు సాక్ష్యం 2014లో స్టీవెన్ హాలన్ బృందం ప్రచురించింది. 452 మందిలో మందు మాత్రమే వాడినవారిలో 62.5 శాతం, కాగ్నిటివ్ థెరపీ కూడా తీసుకున్నవారిలో 72.6 శాతం మంది కోలుకున్నారు. కానీ విడదీసి చూస్తే ఆ లాభమంతా తీవ్రంగా ఉండి, దీర్ఘకాలికం కాని డిప్రెషన్‌లోనే కేంద్రీకృతమైంది. దీర్ఘకాలపు రోగులకు అదనపు లాభం కనిపించలేదు. మామూలు కాగ్నిటివ్ థెరపీ దీర్ఘకాలపు జబ్బుకు సరిపోకపోవచ్చు, దానికి ప్రత్యేకించి తయారైన పద్ధతే కావాలి అన్న వాదనకు ఇది బలమిస్తుంది. జర్మనీలో 268 మంది మీద జరిగి 2017లో వెలువడిన అధ్యయనం కూడా అటే మొగ్గుతుంది. మందులు వాడని దీర్ఘకాల రోగుల్లో సీబాస్ప్‌తో 38.7 శాతం మందికి గుణం కనిపిస్తే, పద్ధతి లేని ఊరట సంభాషణతో 24.3 శాతం మందికే కనిపించింది. అయితే కోబాల్ట్‌లో ఇచ్చినది సీబీటీయే కదా, అది పనిచేసింది కదా అన్న అభ్యంతరం అలాగే మిగులుతుంది.

విడి అధ్యయనాలను పక్కనపెట్టి మొత్తంగా చూస్తే, పిమ్ కైపర్స్ బృందం 2020లో 101 అధ్యయనాలను, దాదాపు 12 వేల మంది రోగులను కలిపి విశ్లేషించి, కలిపి ఇచ్చే చికిత్సతో గుణం కనిపించే అవకాశం ఏదో ఒకటే ఇచ్చినప్పటి కంటే సుమారు నాలుగో వంతు ఎక్కువని తేల్చింది. నాలుగో వంతు అంటే అద్భుతమేమీ కాదు, కొట్టిపారేయదగ్గదీ కాదు. మరో కోణం బాల్యానిది. కెల్లర్ అధ్యయనపు రోగుల్లోనే చిన్నప్పుడు తల్లిదండ్రులను కోల్పోయినవారు, హింసకు, నిర్లక్ష్యానికి గురైనవారు మందు కంటే థెరపీకే బాగా స్పందించారని 2003లో జరిగిన పునఃపరిశీలనలో తేలింది. మొదటి ఓపీలో ఈ ప్రశ్న అడిగే తీరిక ఎంతమందికి ఉంటుందన్నది వేరే విషయం.

విశాఖలో గొలుసు ఎక్కడ తెగుతోంది

మానసిక వైద్యానికి విశాఖపట్నం పాత చిరునామాయే. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్), ఆంధ్రా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం, నగరమంతా ప్రైవేటు క్లినిక్కులు ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి పాడేరు దాకా రోగులు ఇక్కడికే వస్తారు. ఉన్న సౌకర్యంలో ఎక్కువ భాగం మాత్రం మందు రాయడం చుట్టూ అల్లుకున్నది. దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేని స్థితిలో, ఓపీలో ఒక్కో రోగికి దక్కేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్లో నిద్ర, ఆకలి, మోతాదు, సైడ్ ఎఫెక్టులు అడగడం కుదురుతుంది. సీమంతం రోజు ఏం జరిగిందో అడగడం కుదరదు.

థెరపీ చేయాల్సింది క్లినికల్ సైకాలజిస్టు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ పేరుకు అర్హతలను నిర్వచించింది. భారత పునరావాస మండలి గుర్తింపు ఉన్న కోర్సు చదివినవారో, మనస్తత్వశాస్త్రంలో పీజీ తర్వాత రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్ చేసినవారో అయి ఉండాలి. ‘కౌన్సెలర్’ అన్న బోర్డుకు అలాంటి కట్టుదిట్టమేమీ లేదు. వారాంతపు కోర్సు చేసినవారూ, ఏళ్ల తరబడి శిక్షణ పొందినవారూ ఒకే బోర్డు పెట్టుకోగలిగిన చోట రోగి తేడా కనిపెట్టలేడు. రెండు సెషన్లలో ధైర్యవచనాలు విని, “కౌన్సెలింగ్ కూడా అయిపోయిందండి, పనిచేయలేదు” అని చెప్పేవారిలో చాలామంది అసలు థెరపీ చూడనివారే.

మందుల షాపు పాత్ర కూడా చిన్నదేమీ కాదు. చాలామంది చీటీలో ఎస్సిటలోప్రామ్‌నూ క్లోనజెపామ్‌నూ కలిపిన ఒకే మాత్ర ఉంటుంది. మొదటిది డిప్రెషన్ మందు, నెలల తరబడి వాడాల్సింది, మత్తుకు అలవాటు చేసేది కాదు. రెండోది ఆందోళననూ నిద్రలేమినీ వెంటనే తగ్గించేది, కొన్ని వారాలకు మించితే అలవాటు పడే ప్రమాదమున్నది. రెండూ ఒకే బిళ్లలో ఉన్నప్పుడు మొదటిదాన్ని కొనసాగిస్తూ రెండోదాన్ని ఆపడం వీలు కాదు. పదిహేను రోజులకు రాసిన చీటీని చూపించి, తర్వాత చీటీ కూడా లేకుండా ఖాళీ అయిన షీటు చూపించి, అదే మాత్రను రెండు మూడేళ్లు కొనుక్కునేవారున్నారు. క్లోనజెపామ్‌ను కొత్త చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన ఉన్నదే గానీ కౌంటరు దగ్గర అది ప్రతిసారీ నిలబడదు. ఫలితం: నిద్ర పడుతోంది కాబట్టి జబ్బు తగ్గుతోందన్న భ్రమ, మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన అవసరమే లేదన్న నమ్మకం.

ఖర్చు, దూరం, వేళలు మిగతా అడ్డంకులు. ఎస్సిటలోప్రామ్ జనరిక్ మందుల షాపుల్లో చవకే; ప్రైవేటు థెరపీలో ఒక్క సెషన్ రుసుమే సాధారణంగా నెల మందుల ఖర్చును దాటిపోతుంది. బీమా పాలసీలు మానసిక జబ్బులను శారీరక జబ్బులతో సమానంగా చూడాలని చట్టం చెప్పినా, చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తాయి. వారానికో గంట సెషన్ ఓపీ ఖర్చు కిందే పోతుంది. అనకాపల్లి నుంచో విజయనగరం నుంచో పదహారు వారాల పాటు వారానికొకసారి రావడమంటే పదహారు రోజుల కూలి పోవడం. ఉక్కు కర్మాగారంలో, పోర్టులో షిఫ్టు డ్యూటీలు చేసేవారికి ప్రతి బుధవారం సాయంత్రం ఐదు గంటలు అన్న ఏర్పాటు రెండో వారానికే తప్పుతుంది. దీనికి తోడు, రోగి దిగులుగా ఉందని చెప్పడు. ఒళ్లు నొప్పులు, గుండెదడ, నీరసం అని చెబుతాడు. జనరల్ డాక్టరు, గుండె డాక్టరు, స్కానింగులు అయ్యాక సైకియాట్రిస్టు దగ్గరకు చేరేసరికి డబ్బూ ఓపికా రెండూ కరిగిపోయి ఉంటాయి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే సామాన్య మానసిక రుగ్మతలున్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని అంచనా వేసింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు కాబట్టి ఆ అంకెను యథాతథంగా ఉత్తరాంధ్రకు అంటగట్టలేము. పొరుగున ఉన్న తమిళనాడు, ఛత్తీస్‌గఢ్ అందులో ఉన్నాయి. ఇంకో మెలిక ఏమిటంటే, మందు అందిన మిగతా 15 శాతం ఈ లెక్కలో చికిత్స అందినవారే. వాళ్లలో సగం తగ్గి ఆగిపోయినవారు ఎందరో ఇలాంటి సర్వేలో కనిపించదు.

నిపుణులు లేనిచోట ఎవరు చేయాలి

క్లినికల్ సైకాలజిస్టులు కావలసినంతమంది తయారయ్యే దాకా ఆగనక్కర్లేదని చూపిన ప్రయోగం గోవాలో జరిగింది. విక్రమ్ పటేల్ బృందం అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఒక మోస్తరు స్థాయిని మించి తీవ్రస్థాయి దాకా డిప్రెషన్ ఉన్న 495 మందిని ఎంచుకుంది. వారిలో సగం మందికి, మానసిక వైద్య చదువు లేకపోయినా శిక్షణ పొందిన స్థానికులతో ఆరు నుంచి ఎనిమిది సెషన్ల బిహేవియరల్ యాక్టివేషన్ ఇప్పించింది. మూడు నెలలకు డిప్రెషన్ స్థాయి నుంచి బయటపడినవారు ఆ వర్గంలో 64 శాతం, మామూలు వైద్యం పొందిన వర్గంలో 39 శాతం. దీనిలో సూత్రం సరళమైనది: ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఆగకుండా, వేళ ప్రకారం చిన్న పని చేయడం, చేశాక మనసు ఎలా ఉందో గమనించడం. పొద్దున్న ఆరు గంటలకు వీధి చివరి దాకా నడక, వారానికోసారి అక్కకు ఫోన్, ఆపేసిన కుట్టుపనిలో ఒక్క జాకెట్టు. ఇంట్లోవాళ్లను, చుట్టుపక్కలవాళ్లను కలుపుకోవడం, ఎదురైన సమస్యను ముక్కలుగా విడదీయడం కూడా అందులో భాగమే.

మన రాష్ట్రంలోనూ ఇలాంటి బాట ఒకటి పడింది. పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లో ప్రశ్నావళితో డిప్రెషన్, ఆందోళన లక్షణాలున్నవారిని గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు దగ్గరకు పంపి, తర్వాత ఇంటికెళ్లి వాకబు చేసే పద్ధతిని పరిశోధకులు పరీక్షించారు. ఇది ప్రధానంగా గుర్తింపు, వైద్యుడి దాకా చేర్చడం గురించినది. గోవా పద్ధతినీ దీన్నీ కలిపితే మందు, మాట రెండూ ఊరి స్థాయిలోనే దొరికే అవకాశముంటుంది. అయితే గోవా ప్రయోగం ఏళ్ల నాటి మొండి జబ్బును ప్రత్యేకించి పరీక్షించినది కాదు. అలాంటివారికి ఆరు సెషన్లు చాలవని అనుకోవడమే సురక్షితం. దేశమంతటా 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి-మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. అది ఇరవై సెషన్ల థెరపీకి ప్రత్యామ్నాయం కాదు గానీ, చనిపోవాలన్న ఆలోచన వచ్చిన రాత్రి చేతిలో ఉండాల్సిన నంబరు. అలాంటి ఆలోచన వస్తున్నప్పుడు తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా దగ్గరలోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. 25 ఏళ్లలోపువారిలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఇలాంటి ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక కూడా ఉంది. ఆ వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

కలిపి నడపడం అంటే

రెండు చోట్ల రెండు చికిత్సలు జరగడం కలిపి చికిత్స చేయడం కాదు. సైకియాట్రిస్టు మోతాదు పెంచిన సంగతి థెరపిస్టుకు తెలియకపోతే, ఆ వారం కలిగిన మందకొడితనాన్ని అతను రోగి నిరాసక్తతగా పొరబడతాడు. హోంవర్కు చేస్తున్నందుకు మొదట్లో పెరిగిన ఆందోళనను చూసి సైకియాట్రిస్టు మరో మందు చేరుస్తాడు. దీన్ని తప్పించడానికి ఖరీదైన ఏర్పాట్లేమీ అక్కర్లేదు. డిప్రెషన్ తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 పత్రాన్ని నెలకోసారి నింపి, ఒకే కాగితం మీద మందు పేరు, మోతాదు, మార్చిన తేదీ, సెషన్ల సంఖ్య రాసుకుని ఇద్దరికీ చూపిస్తే చాలావరకు సరిపోతుంది. ఈ పత్రంలో మార్కులు 0 నుంచి 27 దాకా ఉంటాయి. 10 నుంచి ఒక మోస్తరు, 20 నుంచి తీవ్రం. రెండు నెలలుగా 14 దగ్గరే నిలిచిపోయిన అంకె, “ఎలా ఉంది?” అన్న ప్రశ్నకు “పర్లేదండి” అని వచ్చే జవాబు కంటే ఎక్కువ చెబుతుంది.

ఏది ముందు అన్నదానికి జబ్బు తీవ్రతే కొలమానం. నిద్ర, ఆహారం బాగా దెబ్బతిన్న స్థితిలో మందు ముందు మొదలై, నాలుగైదు వారాలకు సెషన్లు మొదలైతే మేలు. తేలికపాటి దీర్ఘకాలపు దిగులులో, బాల్యంలో దెబ్బలున్నచోట, గర్భం వంటి కారణాల వల్ల మందుకు వెనకాడేచోట థెరపీని ముందు పెట్టడానికి ఆధారాలున్నాయి. ఒక మందును సరైన మోతాదులో ఆరు వారాలు వాడినా సగం కూడా తగ్గకపోతే, మందు మార్చడమా, థెరపీ చేర్చడమా అన్న చర్చ ఆ రోజే జరగాలి. ఆ చర్చ జరగకుండానే ఏళ్లు గడవడమే విశాఖలో ఇప్పుడు జరుగుతున్నది.

చివరి చిక్కు మందు ఆపడం. దీర్ఘకాలపు డిప్రెషన్‌లో పూర్తిగా తగ్గాక కూడా కనీసం రెండేళ్లు మందు కొనసాగించమని వైద్యులు సాధారణంగా చెబుతారు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, ఒంట్లో షాక్ కొట్టినట్టు ఉండటం, చిరాకు, పీడకలలు రావచ్చు. వీటిని జబ్బు తిరగబెట్టిందని భ్రమపడి మళ్లీ మొదలుపెట్టేవారూ ఉన్నారు. అందుకే వారాల మీద, ఒక్కోసారి నెలల మీద మోతాదు తగ్గిస్తారు. ఆ తగ్గించే కాలంలో థెరపీ తోడుంటే మందు కొనసాగించినవారి కంటే జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఏమీ లేదని, నాలుగు అధ్యయనాల్లోని 714 మంది సమాచారాన్ని కలిపి 2021లో చేసిన విశ్లేషణ చెబుతోంది. వాళ్లందరూ అప్పటికే కోలుకుని ఉన్నవారు, పదేపదే వచ్చిపోయే డిప్రెషన్ ఉన్నవారు. సగం తగ్గి సగం మిగిలిన స్థితిలో ఉన్న మనిషికి ఆ ఫలితం వర్తించదు. అతని విషయంలో మందు ఆపడం గురించి మాట్లాడే ముందు మిగిలిన సగాన్ని తగ్గించే పని పూర్తికావాలి.